ధ్యానం కొత్తగా మొదలుపెట్టేవారికి: ఊపిరి లెక్కతో తొలి నెల

ధ్యానానికి కూర్చున్న చాలామంది మూడో నాటికే మానేయడానికి ముఖ్య కారణం ఒక అపోహ: మనసులో ఒక్క ఆలోచన కూడా తలెత్తకూడదని, తలెత్తితే తమకు ధ్యానం చేతకాదని అనుకోవడం. భగవద్గీత ఆరో అధ్యాయం 26వ శ్లోకం చంచలమైన మనసు ఎటెటు పోతే అటునుంచి దాన్ని మళ్లించి తెచ్చుకోమంటుంది. ఆ మళ్లించి తెచ్చుకోవడమే అభ్యాసం కాబట్టి, పది నిమిషాల్లో మనసు ఇరవైసార్లు పారిపోయి ఇరవైసార్లు వెనక్కి వస్తే ఆ పూట సాధన చక్కగా జరిగినట్టే లెక్క.

కూర్చునే పద్ధతి గురించి ఎక్కువగా బెంగపడనక్కర్లేదు. బాసింపట్టు వేసుకోగలిగినవారు దుప్పటిని నాలుగు మడతలు పెట్టి పిరుదుల కింద వేసుకుంటే మోకాళ్లు కిందికి దిగి, నడుము దానంతట అదే నిటారుగా నిలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీలో, పాదాలు రెండూ నేలకు ఆనేలా కూర్చోవచ్చు. దానివల్ల ధ్యానానికి లోటేమీ ఉండదు. పొద్దున్నే ముఖం కడుక్కున్న వెంటనే, ఇంట్లో సందడి మొదలుకాకముందు కూర్చోవడం మంచిది. ఆ వీలు లేనివారు సాయంత్రం చేసుకోవచ్చు గాని, కడుపు నిండా తిన్నాక మాత్రం కనీసం రెండు గంటలు ఆగాలి. ఫోన్‌లో అయిదు నిమిషాలకు అలారం పెట్టుకుని, దాన్ని చేతికి అందనంత దూరంలో ఉంచాలి. మొదటి వారం ఆ అయిదు నిమిషాలు చాలు.

ఇక చేయవలసిన పని. ఊపిరిని బలవంతంగా పెంచకుండా, ఆపకుండా, ముక్కుపుటాల దగ్గర గాలి లోపలికి వెళ్లేటప్పుడు తగిలే చల్లదనాన్ని, బయటికి వచ్చేటప్పుడు తగిలే వెచ్చదనాన్ని గమనించాలి. దీన్నే పాత బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలో ఆనాపానసతి అంటారు. గమనిక నిలవడానికి లెక్క తోడు చేసుకోవడం చాలా పాత పద్ధతి. అయిదో శతాబ్దంలో బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు రాసిన విసుద్ధిమగ్గ అనే గ్రంథం ఈ ఊపిరి లెక్కను అయిదుకు తగ్గనివ్వవద్దని, పది దాటనివ్వవద్దని చెబుతుంది. అయిదుకు తగ్గితే మనసు ఇరుకు దొడ్లో కుక్కిన పశువుల్లా కలవరపడుతుందట. పది దాటితే ఊపిరిని వదిలి అంకెలనే పట్టుకుంటుందట. మొదట్లో ధాన్యం కొలిచేవాడిలా నిదానంగా లెక్కపెట్టమని కూడా అందులో ఉంది. మన కళ్లాల్లో కొలతగాళ్లు ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి, తరువాత రెండు, మూడు అంటూ సాగడం చూసినవారికి ఆ నిదానం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. ఊపిరి లోపలికి వెళ్లి బయటికి వస్తే ఒకటి. అలా పది వరకు వెళ్లి మళ్లీ ఒకటికి రావాలి. మధ్యలో లెక్క తప్పి, రేపటి కరెంటు బిల్లు గురించో నిన్నటి మాట పట్టింపు గురించో ఆలోచిస్తున్నామని తెలిసిన క్షణంలో, మనల్ని మనం తిట్టుకోకుండా ఒకటి దగ్గర మొదలుపెట్టాలి. ఎన్నిసార్లు తప్పినా చేయవలసింది ఇంతే.

కునుకు వస్తే కళ్లు సగం తెరిచి, రెండు మూడు అడుగుల ముందున్న నేలను చూడాలి. అప్పటికీ తగ్గకపోతే లేచి వరండాలోనో డాబా మీదో పది పన్నెండు అడుగుల దూరం నెమ్మదిగా అటూ ఇటూ నడుస్తూ, మడమ ఆనడం, పాదం లేవడం గమనించవచ్చు. ఇది కూడా పూర్తి ధ్యానమే. ఒకచోట కూర్చోలేని పిల్లలకు, యువకులకు నేను ముందుగా ఇదే చెబుతాను. కాళ్లు తిమ్మిరెక్కితే ఓర్చుకుని తీరాలనే పట్టుదల వద్దు, మెల్లగా భంగిమ మార్చుకోవచ్చు. అయితే కళ్లు మూసుకోగానే గుండెదడ, భయం, పాత చేదు జ్ఞాపకాలు ముంచుకొచ్చేవారు వెంటనే కళ్లు తెరిచి ఆపేయాలి. మళ్లీ మళ్లీ అలాగే జరిగితే మానసిక వైద్యుడిని సంప్రదించి గాని కొనసాగించకూడదు. వాడుతున్న మందులను ధ్యానం మొదలుపెట్టామన్న ధైర్యంతో మానేయడం ప్రమాదకరం.

వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే నెల తిరిగేసరికి పావుగంట కూర్చోవడం కష్టమనిపించదు. ఈ నెలంతా ఒక్క పద్ధతికే కట్టుబడాలి. ఇవాళ మంత్రం, రేపు సంగీతం, ఎల్లుండి మరొకటి అంటూ మారిస్తే దేనికీ కుదురు రాదు. ఇంకా లోతుగా నేర్చుకోవాలనుకునేవారికి హైదరాబాదు శివార్లలో, నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త వంటి విపశ్యన (బౌద్ధ సంప్రదాయంలోని ఒక ధ్యాన పద్ధతి) కేంద్రాల్లో పది రోజుల శిబిరాలు జరుగుతాయి. రుసుము లేదు, నిర్వహణ అంతా పాత సాధకుల విరాళాలతోనే సాగుతుంది. అక్కడ మౌనం పాటిస్తూ రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవాలి, మొదటి మూడు రోజులూ ఊపిరిని గమనించడమే పని. అందుకే ఇంట్లో రోజూ అరగంట నిలకడగా కూర్చోగలిగాక అక్కడికి దరఖాస్తు పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.