వానలకు ముందే జిప్సీ కింగ్‌పిన్ బేరింగులు చూసుకోండి

పాత మారుతి జిప్సీ అరవై వేగంలో చిన్న గుంతలో పడగానే స్టీరింగ్ గడగడా ఊగి, బాగా నెమ్మదిస్తే గానీ ఆగడం లేదా? చాలామంది ముందు వీల్ బ్యాలెన్సింగ్, తర్వాత అలైన్‌మెంట్, చివరికి స్టీరింగ్ ఊపును అణిచే కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేయిస్తారు. డ్యాంపర్‌తో కొన్నాళ్లు ఊపు తగ్గినట్టే ఉంటుంది, లోపల కింగ్‌పిన్ బేరింగుల (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం పక్కకు తిరిగే పిన్నుల బేరింగులు) అరుగుదల మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పాడేరు, మారేడుమిల్లి ఘాట్లలో తడి రోడ్డు మీద ఆ ఊపు వస్తే టెన్షన్ మామూలుగా ఉండదు.

ముందు జబ్బేదో తేల్చుకోండి. ముందు చక్రాన్ని నేల మీంచి లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట (వదులు కదలిక) కనిపిస్తే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. ఆట పోతే వీల్ బేరింగ్ వదులైనట్టు. బ్రేక్ తొక్కినా ఊగుతుంటే కింగ్‌పిన్ బేరింగే. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడే ఆట ఉంటే టై రాడ్ (చక్రాలను స్టీరింగ్‌తో కలిపే కడ్డీ) ఎండ్లు, స్టీరింగ్ బాక్సు చూడాలి. ఈ రెండు నిమిషాల పరీక్ష చేయకుండా విప్పే మెకానిక్‌కి బండి ఇవ్వకపోవడమే మంచిది.

జాకీ ఒక్కదాన్నే నమ్మి పని మొదలుపెట్టొద్దు. యాక్సిల్ కింద గట్టి స్టాండ్లు, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు ఉండాల్సిందే. బ్రేక్ కాలిపర్‌ను దాని ఆయిల్ గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టండి. కింది కింగ్‌పిన్ లాగగానే బేరింగ్ జారి కింద పడుతుంది, చెయ్యి అడ్డం పెట్టుకోండి.

విప్పేటప్పుడు అసలు జాగ్రత్త షిమ్‌ల దగ్గర. పిన్నుల అడుగున ఉండే ఈ పల్చటి రేకులే బేరింగ్ బిగువును నిర్ణయిస్తాయి. పైవి, కిందివి, ఎడమవి, కుడివి వేర్వేరు కవర్లలో పెట్టి పేరు రాయండి. కలిసిపోతే ఇక అంతా అంచనాయే.

పాత బేరింగ్ కప్పును (రోలర్లు తిరిగే బయటి రింగును) శుభ్రంగా తుడిచి గోరుతో గీకి చూడండి. బండి ఎక్కువగా నేరుగానే పోతుంది కాబట్టి రోలర్లు ఒకేచోట ఒత్తుకుని సన్నటి గాడులు పడతాయి, గోరు అక్కడ తట్టుకుంటుంది. ఇలాంటి కప్పులో కొత్త బేరింగ్ వేయడం దండగ. రెండూ జతగా, రెండువైపులా మార్చండి. కొత్త కప్పును ఇత్తడి కడ్డీతో చుట్టూ సమంగా కొడుతూ అడుగు దాకా దించండి.

బిగువును చేతి అంచనాకు వదలకండి. టై రాడ్ విప్పి, ఆయిల్ సీల్ బిగించకముందే నకిల్ (కింగ్‌పిన్నుల మీద తిరిగే, చక్రాన్ని మోసే భాగం) చివర స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగండి. కదలడానికి పట్టే బలం సర్వీస్ మాన్యువల్‌లోని అంకెకు సరిపోవాలి. తక్కువైతే షిమ్ తీయాలి, ఎక్కువైతే కలపాలి. మరీ బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు.

నకిల్ లోపలి గ్రీజు తెల్లగా, మజ్జిగలా ఉంటే నీళ్లు దూరినట్టు. పల్చగా నూనెలా కారితే డిఫరెన్షియల్ ఆయిల్ యాక్సిల్ సీల్ దాటి వస్తోంది, అదీ ఇప్పుడే మార్చండి. బయట యాక్సిల్ చివర ఉండే గుండ్రటి బంతి మీద తుప్పు గరుకుదనం ఉంటే సన్నటి ఎమరీ పేపర్‌తో నునుపు చేయండి, లేకపోతే కొత్త సీల్ మొదటి వాగుకే చిరుగుతుంది.

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కింగ్‌పిన్ బోల్టులు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూసి, పైన చెప్పిన ఊపే పరీక్ష ఇంకోసారి చేయండి. డ్యాంపర్ మార్చాలో వద్దో అప్పుడు ఆలోచించొచ్చు.