తరగతికి ఒక చిన్న సొంత నెట్‌వర్క్

పాఠం ముగిశాక విద్యార్థులు ఆ పాఠం గురించే మాట్లాడుకోవడానికి బయటివారికి కనిపించని ఒక చిన్న సోషల్ నెట్‌వర్క్ చాలు. ముప్పై నలభై మంది ఉన్నచోట ఎవరు ఏమి రాశారో ఉపాధ్యాయుడు చదవగలడు. మూడు వందల మంది చేరితే అది సాధ్యపడదు. కాబట్టి బడి మొత్తానికి ఒకటి పెట్టడం కంటే తరగతికి ఒక్కొక్కటి పెట్టుకోవడమే మేలు.

వాట్సాప్ గ్రూపు పెట్టడం తేలికే గాని, మామూలుగా అందులో సభ్యుల ఫోన్ నంబర్లు ఒకరివొకరికి తెలిసిపోతాయి; పైగా ఉదయం అడిగిన ప్రశ్న సాయంత్రానికి శుభాకాంక్షల కింద పూడుకుపోతుంది. గూగుల్ క్లాస్‌రూమ్‌లో విద్యార్థులు కొత్త విషయాలు రాయవచ్చా, వ్యాఖ్యలు మాత్రమే పెట్టవచ్చా, లేక ఉపాధ్యాయులే రాయాలా అన్నది మనమే నిర్ణయించవచ్చు. సర్వర్ నడపగల మనిషి అందుబాటులో ఉంటే, 2002లో మార్టిన్ డౌగియామాస్ విడుదల చేసిన మూడుల్ అనే, పాఠాలూ చర్చలూ నడుపుకునే ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల) వ్యవస్థను సొంతంగా పెట్టుకోవచ్చు.

ఏది ఎంచుకున్నా, అందులోంచి బయటికి వచ్చే దారిని ముందే చూసుకోవాలి. సొంత సోషల్ నెట్‌వర్క్ పెట్టుకోవడానికి ఉపాధ్యాయులు విరివిగా వాడిన నింగ్ అనే సేవ 2010లో ఉచిత సేవను ఆపేసింది. 2008లో మొదలైన ఎడ్‌మోడో అనే తరగతి గదుల నెట్‌వర్క్ 2022లో పూర్తిగా మూతపడింది. అక్కడి చర్చలను, పాఠాల ఫైళ్లను మన కంప్యూటర్‌లోకి దించుకునే వీలు లేని వేదిక ఎంత ముచ్చటగా ఉన్నా వద్దనే నా అభిప్రాయం. అదే ఎడ్‌మోడో నుంచి 2017లో సుమారు 7.7 కోట్ల ఖాతాల వివరాలు దొంగల పాలయ్యాయి కనుక, పేరు, ఈమెయిల్ మించి పుట్టిన తేదీ, చిరునామా, ఫోటో వంటివేవీ విద్యార్థుల నుంచి తీసుకోకుండా ఉండటం మంచిది. తల్లిదండ్రుల అనుమతి ఏ వయసు వరకు కావాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది; అమెరికాలో 13 ఏళ్లలోపు వారికి, భారతదేశపు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికి అది అవసరం.

ఖాతా తెరిచిన రోజే సభ్యత్వాన్ని ఉపాధ్యాయుడి ఆమోదానికి లోబడేలా అమర్చాలి, ఎందుకంటే ఆహ్వాన లింకు ఒకసారి చేతులు మారితే ఎక్కడ తేలుతుందో చెప్పలేము. విద్యార్థుల మధ్య ప్రైవేటు సందేశాలను ఆపివేయాలి. నిర్వాహకులుగా ఇద్దరు ఉండాలి. ఒకరు సెలవులో ఉన్నప్పుడు తలుపు కాసేవారు లేకపోతే కష్టం.

ఇదంతా ఒక గంట పని. అసలు శ్రమ ప్రశ్న అడగడంలో ఉంది. "సందేహాలుంటే అడగండి" అని రాస్తే ఎవరూ అడగరు. "చంద్రుడు కొన్ని రోజుల్లో పగలే ఎందుకు కనిపిస్తాడు? మీరు చూసిన సమయం, దిక్కు రాయండి" అని అడిగితే, పుస్తకంలోంచి ఎత్తిరాయడానికి వీలులేని జవాబులు వస్తాయి. మొదటి జవాబునే మిగతావారు తిప్పి రాస్తున్నారనిపిస్తే మూడుల్‌లోని ప్రశ్నోత్తరాల ఫోరమ్ వాడండి. అందులో తన జవాబు రాసి, దానిని సవరించుకునే గడువు దాటేదాకా ఇతరుల జవాబులు విద్యార్థికి కనిపించవు. ఉపాధ్యాయుడు వెంటనే సరైన జవాబు చెప్పేస్తే చర్చ అక్కడితో ఆగిపోతుంది గనుక ఒక రోజైనా ఓపిక పట్టాలి. నాకు ఈ ఓపిక ఆలస్యంగా అబ్బింది. ఎవరైనా నొప్పించే మాట రాస్తే దాని నకలు దాచుకుని, అందరికీ కనిపించకుండా తీసివేసి, ఆ విద్యార్థితో ముఖాముఖి మాట్లాడాలి. అందరి ముందు తెరమీద మందలిస్తే గొడవ పెరుగుతుంది.

ఉపాధ్యాయులు తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక నెట్‌వర్క్ పెట్టుకుంటే, దానిని విద్యార్థుల దానితో కలపకూడదు. బాగా సాగిన పాఠంతోపాటు బెడిసికొట్టిన పాఠాన్ని కూడా అక్కడ పెట్టండి, రెండవదే తోటివారికి ఎక్కువ పనికొస్తుంది. కాని విద్యార్థుల పేర్లు మాత్రం రాయకండి.

సంవత్సరాంతంలో కొత్త రాతలను ఆపి, అవసరమైన చర్చలను బ్యాకప్ చేసుకుని, సభ్యులను తొలగించి, నెట్‌వర్క్‌ను మూసివేయాలి. వచ్చే తరగతికి మళ్లీ ఖాళీ గోడతోనే మొదలుపెట్టండి.