బాల్ చూసి కొట్టమంటారు సరే, ఎప్పుడు చూడాలి?

అనంతపురంలో సాయంత్రం ఏ గ్రౌండ్‌కు పోయినా బ్యాటింగ్ చేసే పిల్లోడికి దొరికే సలహా ఒకటే, "బాల్ చూసి కొట్టు అబ్బీ!" ఎప్పుడు చూడాలో మాత్రం ఎవరూ చెప్పరు.

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బాల్ మన దగ్గరికి రావడానికి సుమారు అర సెకను. కంటికి కనిపించినదాన్ని బట్టి శరీరం కదలడం మొదలుపెట్టడానికే దాదాపు 0.2 సెకను పోతుంది, ఇంక బ్యాట్ ఊపడానికీ టైమ్ కావాలి కదా, కాబట్టి చివరిదాకా చూసి అప్పుడు నిర్ణయించుకోవడం కుదరని పని. మెదడు ముందే అంచనా కట్టేస్తుంది. 2000లో మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియోడ్ అనే పరిశోధకులు బ్యాటర్ల తలకు కెమెరా కట్టి చూస్తే, బాల్ చేయి దాటిన కాసేపటికే వాళ్ల చూపు అది పిచ్ అయ్యే చోటికి ముందే దూకుతోంది, బాగా ఆడేవాళ్లకైతే ఇంకా త్వరగా. 2024లో ఆర్డీటీ గ్రౌండ్‌లో దులీప్ ట్రోఫీ చూసినవాళ్లు గుర్తు తెచ్చుకోండి, ఆఫ్ స్టంప్ బయటి బాల్‌ను అంత తీరిగ్గా వదిలేయడం ఈ అంచనా వల్లే.

దీన్ని నేర్చుకోవచ్చు. హెల్మెట్, ప్యాడ్లు కట్టుకుని నెట్స్‌లో నిలబడండి, ఒక ఓవర్ షాట్లు వద్దు. బౌలర్ మణికట్టు మీదే కన్ను పెట్టి, బాల్ నేలకు తగలకముందే "ఫుల్" (మన దగ్గరగా పడేది) అనో "షార్ట్" (మనకు దూరంగా పడేది) అనో గట్టిగా అరవండి. మొదట్లో సగం తప్పుతాయి, తప్పనీ. ఇంట్లోనైతే ఫోన్‌లో బౌలింగ్ వీడియో పెట్టి, చేయి వదలగానే ఆపి, ఎక్కడ పడుతుందో చెప్పి, తర్వాత ప్లే చేసి సరిచూసుకోండి.

త్రోడౌన్లు, అంటే ప్రాక్టీస్ కోసం దగ్గర నుంచి చేత్తో విసిరే బాల్స్, ఒకే లెంగ్త్‌లో (ఒకే చోట పడేలా) వరసగా వేయించుకోకండి. రకరకాల లెంగ్త్‌లు కలిపి వేయించుకుంటే ఆ రోజు ఆట చెత్తగా అనిపిస్తుంది కానీ నేర్చుకున్నది నిలుస్తుంది.

మ్యాచ్‌లో టెన్షన్ వస్తే మోచేయి ఎక్కడుంది, కాలు ఎక్కడుంది అని లెక్కలు వేసుకోవద్దు. అలవాటైన కదలికను మధ్యలో తనిఖీ చేస్తే అది చెడుతుంది. ఊపిరి నిదానంగా వదిలి, బౌలర్ చేతిని చూడండి, అంతే.

మే నెల ఎండలో ప్రాక్టీస్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. 60 కిలోల పిల్లోడు కిలోంబావు తగ్గితే నీళ్లు చాలడం లేదని అర్థం, ఏకాగ్రత కూడా దెబ్బతింటుంది. నిద్ర సంగతి వేరే చెప్పాలా, నేర్చుకున్నది మెదడులో గట్టిపడేది అప్పుడే.

బ్రెయిన్ ట్రైనింగ్ యాప్‌లకు డబ్బులు మాత్రం పెట్టకండి, వాటివల్ల ఆ యాప్ ఆడటమే బాగా వస్తుంది.