కుంగుబాటు మందు, ఆందోళన మందు కలిపి వాడుతున్నప్పుడు వచ్చే ఇబ్బందులను తట్టుకోవడం ఎలా?

మానసిక వైద్యులు రాసే చీటీలలో రెండు మందులు పక్కపక్కనే ఉండడం చాలా సాధారణం. ఒకటి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలీన్ వంటి కుంగుబాటు మందు. మరొకటి క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి ఆందోళన తగ్గించే మందు. తిరుపతిలో మందుల దుకాణం నడుపుతూ ఏళ్ల తరబడి ఈ చీటీలు చదువుతున్న నాకు అర్థమైంది ఏమిటంటే, వీటిని మధ్యలో మానేసేవారిలో చాలామంది జబ్బు తగ్గి మానరు. మొదటి పది రోజుల్లో కలిగే ఇబ్బంది ఏ మాత్ర వల్ల వస్తున్నదో, ఎన్నాళ్లుంటుందో తెలియక మానేస్తారు. అది తెలిస్తే, ఆ పది రోజులు చాలామందికి గడిచిపోతాయి.

రెండు మందులూ పనిచేసే వేగం ఒకటి కాదు. కుంగుబాటు మందు ప్రభావం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కూడా పట్టవచ్చు. పైగా మొదటి రోజుల్లో అదే మందు కొందరిలో దడను, నిద్రలేమిని, స్థిమితం లేకపోవడాన్ని కొంచెం పెంచుతుంది. క్లోనజెపామ్ వంటిది మాత్రం గంట లోపలే పనిచేయడం మొదలుపెడుతుంది. అందుకే, తీగ పందిరిని అందుకునేదాకా పక్కన పుల్ల నాటినట్టు, డాక్టరు రెండో మాత్రను కొన్ని వారాల కోసం జతచేస్తారు. ఈ సంగతి తెలియనివారు వెంటనే హాయినిచ్చే రెండో మాత్రే అసలు మందని భావించి, మొదటిదాన్ని మానేసి దాన్నే కొనసాగిస్తారు. ఇంతకంటే నష్టం కలిగించే పొరపాటు ఈ విషయంలో మరొకటి లేదు.

కాబట్టి మొట్టమొదట చేయవలసిన పని రాసిపెట్టుకోవడం. మన ఇళ్లలో గోడకు దేవస్థానం క్యాలెండరు వేలాడుతూనే ఉంటుంది. ఆ తేదీ గడిలోనే ఏ మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో, ఏ ఇబ్బంది ఎన్ని గంటలకు కలిగిందో రెండు ముక్కలు రాయండి. మగతా, తూలుడూ, మతిమరుపూ రెండో మాత్ర వేసుకున్న కొన్ని గంటలకు ఎక్కువవుతుంటే అవి చాలావరకు దానివే. వికారం, విరేచనాలు, తలనొప్పి, చెమటలు మొదటి వారంలో మొదలై మెల్లగా తగ్గుతుంటే అవి ఎక్కువగా కుంగుబాటు మందువి. తరువాతిసారి వెళ్లినప్పుడు ఆ కాగితాన్ని డాక్టరు ముందు పెడితే, "ఏదో ఒకలా ఉంటోంది సార్" అనే మాట కంటే అది ఎంతో ఉపయోగపడుతుంది.

వికారానికి చాలావరకు ఇంట్లోనే మందుంది. మాత్రను ఖాళీ కడుపుతో కాక భోజనం తరువాత వేసుకోవాలి. మొదటి రెండు వారాలు కారం, నూనె తగ్గించి, రాగి సంగటో, పెరుగన్నమో కొద్దికొద్దిగా తింటే కడుపు నిలకడగా ఉంటుంది. మన జిల్లాలలో పెరటాసి నెల శనివారాలు ఒక్కపొద్దు ఉండేవారు ఎక్కువ. ఉపవాసం వద్దని నేను అనను. కానీ ఆ రోజు మాత్ర ఏ పూటకు మార్చుకోవాలో ముందే డాక్టరును అడిగి, తినే పూటకు జరుపుకోవాలి. మాత్రనే ఎగ్గొట్టడం మంచిది కాదు. కుంగుబాటు మందు వల్ల నిద్ర చెడితే దాన్ని ఉదయానికి, మగత వస్తే రాత్రికి మార్చవచ్చేమో కూడా అడగండి. చాలా సందర్భాలలో వైద్యులు ఇందుకు ఒప్పుకుంటారు.

మగత విషయం కొంచెం వివరంగా చెప్పాలి. పాకాల దగ్గరి ఒక పల్లెలో మా చిన్నమ్మకు నాలుగు పాడి ఆవులున్నాయి. తెల్లవారుజామున నాలుగింటికే లేచి పాలు పితికి, కేంద్రానికి పోయాలి. రెండు మాత్రలూ మొదలుపెట్టిన ఐదో రోజు, చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఆవు డొక్కకు నుదురు ఆనించి, పొదుగు మీద చేతులు అలాగే ఉండగా నిద్రపోయింది. ఆవు కాలు విదిలించాక గానీ ఆమెకు మెలకువ రాలేదు. పాలన్నీ పేడలో కలిసిపోయాయి. ఆమె పాల కోసం కాదు, తన బుర్ర చెడిపోయిందేమోనన్న భయంతో ఏడ్చింది. నేను అడిగితే తేలిందేమంటే, ఇంటి పనులన్నీ ముగించుకుని పదిన్నర దాటాక ఆమె క్లోనజెపామ్ వేసుకుంటున్నది. ఆ మందు శరీరంలో సగానికి తగ్గడానికే దాదాపు 30 నుంచి 40 గంటలు పడుతుంది. అంటే నిన్నటి మాత్ర పూర్తిగా పోకముందే నేటి మాత్ర దానిమీద చేరుతుంది. డాక్టరుకు ఫోనులో చెప్పగానే ఆయన మోతాదును సగానికి తగ్గించి, రాత్రి ఎనిమిదింటికే వేసుకోమన్నారు. వారం తిరిగేసరికి ఆమె తేరుకుంది. అంత చిన్న మార్పుకు అడగడమొక్కటే కావలసి వచ్చింది.

వయసు మళ్లినవారికి ఇదే మగత ఎముక విరగడానికి దారితీస్తుంది. రాత్రి మరుగుదొడ్డికి వెళ్లే దారిలో చిన్న దీపం వెలగనివ్వండి, చాపలూ చెంబులూ అడ్డం లేకుండా చూడండి, మంచం మీదనుంచి లేచేటప్పుడు ఒక నిమిషం కూర్చుని ఆ తరువాతే నిలబడమనండి. రక్తపోటుకు నీరు పోయే మాత్ర కూడా వాడుతున్న పెద్దవారిలో కుంగుబాటు మందు వల్ల రక్తంలో సోడియం పడిపోవచ్చు. మన మే నెల ఎండల్లో ఒళ్లంతా చెమటపట్టే రోజుల్లో ఆ పెద్దాయన తికమకగా మాట్లాడుతున్నా, నీరసంతో తూలుతున్నా దాన్ని వయసు మీదికి తోసేయకుండా వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

మాత్రలు మొదలుపెట్టిన రోజుల్లోనూ, మోతాదు మార్చిన రోజుల్లోనూ బండి నడపకండి. కొండ మీదికి ట్యాక్సీ నడిపేవారికి ఇది జీవనోపాధి ప్రశ్న అని నాకు తెలుసు. అయినా ఘాట్ రోడ్డు మలుపులో అరక్షణం కన్ను మూతపడితే ఏమవుతుందో వారికి నేను చెప్పనక్కరలేదు. మీ వృత్తి ఏమిటో డాక్టరుకు మొదటి రోజే చెబితే, మగత తక్కువగా ఉండే మార్గం ఆయన చూస్తారు. ఇక మద్యం సంగతి: క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి వాటితో మద్యం కలిస్తే శ్వాస మందగించి ప్రాణం పోవచ్చు. ఇందులో కొంచెమైతే ఫరవాలేదన్న మాటకు తావు లేదు.

చీటీ లేకుండా కొనే చిల్లర మందుల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. మోకాళ్ల నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుంగుబాటు మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. తాత్కాలిక నొప్పికి సరైన మోతాదులో పారాసెటమాల్ మేలు. నొప్పి మందు ట్రమడాల్‌ను, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉండే దగ్గు సిరప్‌ను వైద్యుడు సరేననకుండా వేసుకోవద్దు. జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలు మగతను రెట్టింపు చేస్తాయి. దుకాణంలో ఏ మందు అడిగినా, మీరు వాడుతున్న ఈ రెండు మాత్రల పట్టీలను చూపించండి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

సిగ్గు అంటే మరో మాట చెప్పాలి. కుంగుబాటు మందుల వల్ల భార్యాభర్తల మధ్య కోరిక తగ్గడం, తృప్తి ఆలస్యం కావడం తరచుగా జరిగేదే. మగవారైనా ఆడవారైనా ఈ మాట ఎవరితోనూ అనలేక నిశ్శబ్దంగా మాత్ర ఆపేస్తారు. నోటితో చెప్పలేకపోతే చీటీ వెనుక రాసి ఇవ్వండి. మోతాదు తగ్గించడం, మందు మార్చడం వంటి దారులు ఉన్నాయి. నోరు ఎండిపోవడానికి చల్లని నీళ్లు గుక్కగుక్కగా తాగడం, సోంపు నమలడం సరిపోతుంది.

కొన్ని లక్షణాలకు మాత్రం ఇంటి వైద్యం పనికిరాదు. తీవ్ర జ్వరం, విపరీతమైన చెమటలు, వణుకు, కండరాలు బిగుసుకోవడం, తికమక కలిసి వస్తే అది సెరటోనిన్ అనే మెదడు రసాయనం మితిమీరడం కావచ్చు. అలా వచ్చినా, మనిషి లేపినా లేవకపోయినా, శ్వాస నెమ్మదించినా, నల్లని విరేచనం అయినా 108కు ఫోను చేయండి. ఇరవై అయిదేళ్ల లోపు వారిలో మొదటి వారాలలో, మోతాదు మార్చినప్పుడు చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉన్నందున ఇంట్లోవారు వారిని ఒంటరిగా వదలకూడదు, మాత్రల డబ్బాను తమ దగ్గరే ఉంచుకోవాలి. అలాంటి మాట వినిపిస్తే ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. మాట్లాడడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 రాత్రింబవళ్లు ఉచితంగా అందుబాటులో ఉంటుంది. తిరుపతిలో రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు.

చివరగా ఆపే పద్ధతి. మన దేశంలో ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ రెండూ ఒకే మాత్రలో కలిపి అమ్మే రకాలు చాలా ఉన్నాయి. వేసుకోవడం సులువే, కానీ అందులో ఒకదాన్ని తగ్గించి మరొకదాన్ని కొనసాగించడం కుదరదు. పాత చీటీతోనే నెలల తరబడి కొంటూ పోతే కొన్ని వారాల కోసం ఇచ్చిన క్లోనజెపామ్‌కు తెలియకుండానే అలవాటు పడిపోతారు. ఇలాంటి మాత్ర వాడుతుంటే రెండింటినీ విడివిడిగా రాయమని అడగండి. క్లోనజెపామ్ వంటివి ఎక్కువకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. కుంగుబాటు మందును హఠాత్తుగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టు ఉండడం, చిరాకు కలుగుతాయి. రెంటినీ డాక్టరు చెప్పిన వేగంతో మెట్టుమెట్టుగానే దింపాలి. కొండకు నడిచి వెళ్లినా, దర్శనం క్యూలో గంటలు గడపవలసి వచ్చినా ఆ పూట మాత్రలు జేబులో ఉండాలి.

మా చిన్నమ్మకు డాక్టరు క్లోనజెపామ్‌ను వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. ప్రతి తగ్గింపునూ ఆమె క్యాలెండరులో సున్నా చుట్టి పెట్టుకుంది. తగ్గించిన రెండు మూడు రోజులు నిద్ర పలచబడేది, తరువాత సర్దుకునేది. ఆఖరి ముక్క వేసుకున్న మరునాడు, పట్టీలో మిగిలిన మాత్రలను పక్కింటివారు నిద్ర పట్టడం లేదని అడిగినా ఇవ్వకుండా, కాగితంలో చుట్టి బస్సెక్కి తెచ్చి నా కౌంటరు మీద పెట్టింది.