భాషల చుట్టరికం – 3వ పాఠం: తేడాలో వరుస పట్టుకోవడం

కిందటి పాఠంలో మాటల పట్టిక తయారు చేసుకున్నాం. ఒంటి భాగాలు, అంకెలు, పశువులు, పురుగులు, పాలు, నీళ్లు లాంటి రోజువారీ మాటలు తీసుకుని, పూజలకూ చదువులకూ రాజ్యపాలనకూ చెందిన మాటలు పక్కన పెట్టాం. ఇవాళ ఆ పట్టికను చదవడం నేర్చుకుందాం. నోట్‌బుక్కు తెరిచి, తెలుగు, కన్నడం, తమిళం అని మూడు గడులు గీసి పెట్టుకోండి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఒకేలా వినిపించే మాటల కోసం వెతుకుతారు. లాటిన్‌లో ‘హబేరె’ అంటే కలిగి ఉండటం. జర్మన్‌లో ‘హాబెన్’ అన్నా అదే అర్థం. పైకి అన్నదమ్ముల్లా ఉన్నా వీటికి చుట్టరికం లేదు. హాబెన్‌కు లాటిన్‌లో అసలు చుట్టం ‘కపెరె’, అంటే పట్టుకోవడం. ఇంత ధైర్యంగా ఎలా చెప్పగలుగుతున్నారో తెలిస్తే ఈ పాఠంలో సగం వచ్చేసినట్టే.

1786 ఫిబ్రవరి 2న కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ చేసిన ప్రసంగం గురించి మొదటి పాఠంలో చదివాం. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని, ఆ మూలభాష ఇప్పుడు లేకపోయి ఉండవచ్చని ఆయన అన్నాడు. గొప్ప ఊహే, కాని దాన్ని ఎవరైనా కూర్చుని సరిచూసుకునే పద్ధతిని ఆయన ఇవ్వలేదు. అది వచ్చింది డెన్మార్క్ పండితుడు రాస్మస్ రాస్క్ 1818లో అచ్చువేసిన పుస్తకంతోనూ, జర్మనీలో యాకోబ్ గ్రిమ్ 1822లో తన వ్యాకరణం రెండో కూర్పులో చేర్చిన భాగంతోనూ. పిల్లల కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దాయనే ఈ గ్రిమ్.

వాళ్లు చూసింది ఇది. లాటిన్‌లో ‘పతెర్’, ఇంగ్లీషులో ‘ఫాదర్’. లాటిన్‌లో పాదానికి ‘పెద్-’, ఇంగ్లీషులో ‘ఫుట్’. చేపకు ‘పిస్కిస్’, ‘ఫిష్’. ఎక్కడ చూసినా లాటిన్ ప-కారానికి ఎదురుగా ఇంగ్లీషులో ఫ ఉంది. అలాగే కొమ్ముకు ‘కొర్ను’, ‘హార్న్’. నూరుకు ‘కెంతుమ్’, ‘హండ్రెడ్’. గుండెకు ‘కొర్ద్-’, ‘హార్ట్’. అంటే లాటిన్ క ఉన్నచోట ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల్లో హ ఉండాలి. ఇప్పుడు హాబెన్ దగ్గరికి రండి. దాని చుట్టం లాటిన్‌లో క-తో మొదలవ్వాలి, హ-తో కాదు. హబేరె పోలిక వల్లే పరీక్షలో తప్పింది!

రెండు భాషల మధ్య తేడా మాట తర్వాత మాటలో అదే రకంగా, అదే చోట కనిపిస్తుంటే అది యాదృచ్ఛికం అయ్యే అవకాశం చాలా తక్కువ. చుట్టరికానికి సాక్ష్యం వరుసగా వచ్చే ఈ తేడాయే. నా దృష్టిలో 19వ శతాబ్దపు భాషాశాస్త్రం మనకిచ్చిన అతి విలువైన పనిముట్టు ఇది.

సరిగ్గా అదే కాలంలో మద్రాసులో మన భాష మీద ఒక పని జరిగింది. 1812లో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కాలేజీలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు దక్షిణాది భాషలు నేర్పేవారు. దాని వెనుక ఉన్న ముఖ్యుడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. అక్కడి పండితుడు పట్టాభిరామశాస్త్రి తెలుగు ధాతువుల (మాటల మూల రూపాల) జాబితా కూర్చాడు. 1816లో కంపెనీ అధికారి క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయినప్పుడు, దాని ఉపోద్ఘాతానికి ఎల్లిస్ ఒక వ్యాసం జతచేశాడు. తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన గడుల్లో పెట్టి చూపించాడు. దక్షిణాది భాషలన్నీ సంస్కృతం నుంచే పుట్టాయని అనుకుంటున్న రోజుల్లో, ఇవి వేరే కుటుంబమని సాక్ష్యంతో వాదించాడు. ఈ కుటుంబం గురించి అందరూ తలుచుకునే రాబర్ట్ కాల్డ్‌వెల్ పుస్తకం, ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం, రావడానికి అప్పటికి ఇంకా 40 ఏళ్లుంది. ఎల్లిస్‌కు దక్కాల్సిన పేరు దక్కలేదు. పట్టాభిరామశాస్త్రి పేరైతే మనలోనే ఎందరికో తెలియదు. తెలుగు చదువుకున్నవాళ్లుగా ఇది మనం సరిచేసుకోవాల్సిన సంగతి.

ఎల్లిస్ గడులకు రాస్క్, గ్రిమ్‌ల చూపు జోడిద్దాం. మీ నోట్‌బుక్కులో ఇలా రాసుకోండి, తెలుగు ముందు, కన్నడం తర్వాత, తమిళం చివర:

పాలు – హాలు – పాల్
పులి – హులి – పులి
పది – హత్తు – పత్తు
పాము – హావు – పాంబు
పగలు – హగలు – పగల్

తెలుగు, తమిళాల్లో ప ఉన్నచోట కన్నడంలో హ. వరుస దొరికింది. ఇక్కడితో ఆగకండి, మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, ఏది ఏదిగా మారింది? ప హ అయిందా, హ ప అయిందా? రెండు భాషల్లో ప ఉంది కదా అని ఓట్లు లెక్కపెడితే సరిపోదు, పాత రాతలు చూడాలి. 10వ శతాబ్దంలో వేములవాడ చాళుక్య రాజు అరికేసరి ఆస్థానంలో ఉన్న పంపకవి కన్నడంలో ప చెక్కుచెదరకుండా ఉంది. పాలను పాత కన్నడంలో ‘పాల్’ అనే అనేవారు. కాబట్టి మారింది కన్నడమే, ప హ అయింది.

రెండోది, ఎక్కడ మారింది? ‘ఉప్పు’ కన్నడంలోనూ ఉప్పే. ‘తప్పు’ కూడా అంతే. ఒత్తున్న ప మారలేదు, మాట మొదట్లోని ప మారింది. ఇలాంటి షరతు దొరికితే కంగారు పడక్కర్లేదు, అదీ సూత్రంలో భాగమే. లాటిన్ త ఇంగ్లీషులో థ అవుతుంది కాని స తర్వాత వస్తే మారదు. అందుకే నిలబడటానికి లాటిన్‌లో ‘స్తారె’, ఇంగ్లీషులో ‘స్టాండ్’.

మూడోది, లొంగని మాటల సంగతేమిటి? కన్నడంలో పుస్తకం ‘పుస్తక’గానే ఉంది, పూజ ‘పూజె’గానే ఉంది. ఇవి సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలు, సంస్కృత రూపాన్నే పట్టుకుని ఉన్నాయి. కాని అరువు మాటలన్నీ ఇలా ఉండవు. సంస్కృత ‘పక్షి’ నుంచి వచ్చిన కన్నడ మాట ‘హక్కి’. మన పున్నమి వాళ్లకు ‘హుణ్ణిమె’. ఇవి అరువు మాటలే అయినా మార్పుకు ముందే కన్నడంలో కలిసిపోయాయి, అందుకే మిగతా మాటలతో పాటు అవీ మారాయి. అరువు మాట ఎప్పుడు వచ్చిందో దాని రూపమే చెప్పేస్తోంది, చూడండి. ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. వరుస ఉన్నంత మాత్రాన చుట్టరికం ఖాయం కాదు, పాత అప్పుల్లోనూ వరుస ఉండొచ్చు. అందుకే అంకెలు, ఒంటి భాగాల లాంటి మాటలతో మొదలుపెట్టమన్నాను. వ్యాకరణం ఇచ్చే సాక్ష్యం ఇంకా గట్టిదని రాస్క్ కూడా నొక్కి చెప్పాడు. అది 5వ పాఠంలో వస్తుంది.

ఇప్పుడు మార్పు మనవైపు జరిగిన సంగతి చూద్దాం. చెవి కన్నడంలో ‘కివి’, చెరువు ‘కెరె’, చెడు ‘కెడు’. బెంగళూరులో ఉండే మనవాళ్లు కెరె అనే మాట రోజూ బోర్డుల మీద చూస్తుంటారు. కాని కాలు కాలే, కన్ను ‘కణ్ణు’, కోడి ‘కోళి’. క తర్వాత ఇ, ఎ లాంటి అచ్చు ఉంటే తెలుగులో చ అయింది, లేకపోతే మారలేదు. మరి ‘కింద’ ఎందుకు ‘చింద’ కాలేదు? పాత రూపం ‘క్రింద’ గుర్తు చేసుకోండి. అందులో క పక్కన ఇ లేదు, మధ్యలో ర ఉంది.

వచ్చే పాఠంలోపు చేయాల్సినవి రెండు.

ఒకటి: తెలుగులో ‘చెంగలువ’ ఉంది, అంటే ఎర్ర కలువ. ‘కెంపు’ కూడా ఉంది. ఎరుపుకు కన్నడంలో మాట ‘కెంపు’. పైన చెప్పిన సూత్రం ప్రకారం తెలుగులోని ఈ రెండింటిలో ఏది ఇంటి మాట అయి ఉండాలి, దేని మీద అనుమానం రావాలి? కారణంతో రాయండి.

రెండు: తమిళంలోనూ క కొన్నిచోట్ల చ అయింది, కొన్నిచోట్ల కాలేదు. చెవి, చెయ్ (చేయు), చిఱు (చిన్న) ఒక కుప్ప. కిళి (చిలుక), కెడు (చెడు), కేళ్ (విను), కిణఱు (బావి) ఇంకో కుప్ప. రెండు కుప్పల్లోనూ మొదటి అచ్చు ఇ, ఎ, ఏల్లో ఒకటే, కాబట్టి కారణం అక్కడ లేదు. ఆ అచ్చు తర్వాత వచ్చే హల్లును ఒక్కో మాటలో గీత గీసి చూడండి. దాన్ని పలికేటప్పుడు నాలుక ఎక్కడికి పోతోందో గమనించి, సూత్రాన్ని ఒకే వాక్యంలో రాయండి.