ఏడు మీటర్ల ఖాకీ గుడ్డతో మాటు: ఉప్పు మడుల్లో ఉల్లంకుల ఫొటోలు

నీటి అంచున బురదలో మేసే ఉల్లంకి పిట్టల్లో ఒకటైన లిటిల్ స్టింట్ ముక్కు నుంచి తోక దాకా 14 సెంటీమీటర్లకు మించదు. 400 ఎం.ఎం. లెన్సు, క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా ఉంటే ఆరు మీటర్ల దూరంలో అది ఫ్రేము వెడల్పులో నలభై శాతం నిండుతుంది. ఇరవై మీటర్లకు పోతే ఎనిమిదో వంతే. గట్టు మీద నడుచుకుంటూ ఆరు మీటర్ల దాకా వెళ్ళనిచ్చే ఉల్లంకులు అరుదు. అందుకే పెద్ద లెన్సు మీద డబ్బు పోసేముందు మాటు, అంటే పిట్టలకు కనపడకుండా దాక్కునే గుడ్డ గూడు, కట్టుకోవడం మేలు. అది దాచాల్సింది మనిషి ఆకారాన్నీ కదలికనూ. రంగు సంగతి అంత పట్టించుకోనక్కర్లేదు, ఆకుల బొమ్మల మిలిటరీ గుడ్డ కోసం తిరగనక్కర్లేదు.

నౌపడ, చినగంజాం లాంటి చోట్ల ఉన్న ఉప్పు మడులు దీనికి బాగా పనికొస్తాయి. నీరు పలచగా ఉంటుంది, గట్టు ఆసరా ఉంటుంది. కాకినాడ దగ్గరి బురదమేటల్లో పక్షులు బోలెడు, కానీ కాలు మోకాలి దాకా దిగబడుతుంది, పోటు వెనక కాలవల్లోంచి ఎక్కి తిరుగుదారి మూసేస్తుంది. పడుకునే మాటు అక్కడ వద్దు. కోరింగ, పులికాట్, నేలపట్టు అభయారణ్యాలు కాబట్టి ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. మడుల్లోనైతే యజమానిని అడగండి. అడిగినా పనిచేసే మడి అడుగున మాత్రం కర్ర దింపకండి. నీరు ఇంకకుండా ఆ నేలను తొక్కి గట్టిచేసి ఉంటారు, ఒక్క బొక్క పడినా కారుతుంది. గట్టు పాదం దగ్గరో, వాడకంలో లేని మడిలోనో చోటు చూసుకోండి.

అక్టోబరు నుంచి మార్చి దాకా వలస పిట్టలు ఉంటాయి. సముద్రం పక్క మడుల్లో పోటు వేళను బట్టి రోజు ఎంచుకోవాలి. పోటుకు బయటి బురద మునిగిపోయాక పిట్టలు మడుల్లోకి వస్తాయి. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, అది ఉదయం ఏడు తొమ్మిది గంటల మధ్య పడే రోజులు ముందే లెక్కేసుకోవచ్చు.

చట్రానికి బొటనవేలి లావు వెదురు కర్రలు చాలు. ముందువైపు 90 సెంటీమీటర్లవి రెండు, వెనక 70 సెంటీమీటర్లవి రెండు, పొడవునా 220వి రెండు, అడ్డంగా 120వి రెండు. నిలువు కర్రలను 20 సెంటీమీటర్లు భూమిలోకి దింపితే ముందు ఎత్తు 70, వెనక 50 మిగులుతుంది. మధ్యలో రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు వస్తే మనిషి బోర్లా పడుకుని మోచేతుల మీద లేవడానికి సరిపోతుంది. కీళ్ళను పాత సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించండి. నైలాన్ తాడు తేమకు జారుతుంది.

పైకి 58 అంగుళాల పన్నా ఉన్న ఖాకీ కాటన్ ఏడు మీటర్లు. మూడున్నర మీటర్ల ముక్కలు రెండు చేసి పొడవువెంట కలిపి కుట్టిస్తే ఒకటే పెద్ద దుప్పటవుతుంది. పక్కలకు 25 సెంటీమీటర్ల చొప్పున నేల మీద పరుచుకుంటుంది. ఆ అంచు మీద మట్టిగడ్డలు వరసగా పేర్చాలి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, గాలికి టపటప కొట్టుకునే ఒక్క మూల చాలు, రోజంతా పిట్ట రాదు. మూలల్లో మిగిలిన గుడ్డను లోపలికి మడిచి పిన్నీసులు పెట్టండి. టార్పాలిన్ మెరుస్తుంది, చప్పుడు చేస్తుంది. నర్సరీ ఆకుపచ్చ నెట్ ఎండ వెనక పడితే గాజులా మారి లోపలి మనిషిని చూపిస్తుంది. ఖాకీకీ కొంత ఆ లోపం ఉంది. ఉదయపు ఎండ మన వీపు వైపు నుంచి వస్తుంది కాబట్టి తల తిప్పితే నీడ ముందు గుడ్డ మీద ఆడుతుంది. పైకప్పుకూ వెనక గోడకూ లోపల నల్లగుడ్డ అస్తరు వేస్తే ఆ బాధ పోతుంది.

ముందు గోడలో, నేలకు 10 సెంటీమీటర్ల పైన, 20 సెంటీమీటర్ల రంధ్రం. దానికి పాత ప్యాంటు కాలు 40 సెంటీమీటర్లు కత్తిరించి కుట్టండి, చివర ఎలాస్టిక్ వేసి లెన్సు హుడ్ మీదికి తొడగండి. లెన్సు అటూఇటూ తిరిగినా చేతులు కనపడవు. దాని పైన 20×6 సెంటీమీటర్ల చూపు సందు, నల్ల దోమతెర గుడ్డతో. తెల్లదైతే ఎండకు మెరిసి లోపలినుంచి ఏమీ కనపడదు.

లెన్సు మధ్యభాగం నేలకు 15–20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటేనే పిట్ట కన్నుకు సమంగా ఉంటుంది, వెనక నేపథ్యం మెత్తగా కరిగిపోతుంది. ట్రైపాడ్ పనికిరాదు. 30 సెంటీమీటర్ల పాత స్టీలు పళ్ళెం మీద కిలోన్నర జొన్నలు నింపిన గుడ్డసంచి, దానిమీద లెన్సు. పళ్ళెం తడినేల మీద చప్పుడు లేకుండా జరుగుతుంది. ఇసుక నింపిన సంచి మాత్రం వద్దు, రేణువులు జూమ్ రింగులో చేరతాయి.

మాటును నీటికి తూర్పున, ముఖం పడమరకు ఉండేలా కట్టండి. చలికాలపు ఈశాన్య గాలి ఉంటే ఇంకా మంచిది, పిట్టలు గాలికి ఎదురుగా నిలబడతాయి కాబట్టి ముఖాలు మనవైపే ఉంటాయి. ఎక్కడ కట్టాలన్నది రెండు ఉదయాలు వంద మీటర్ల దూరం నుంచి బైనాక్యులర్స్‌తో చూసి తేల్చండి. కాలిగుర్తులు, ముక్కు గుచ్చిన చిన్న బొక్కలు చిక్కగా ఉన్న అంచుకు ఐదారు మీటర్ల ఇవతల మాటు ఉండాలి. ఎరలు వద్దు.

కట్టాక రెండు రోజులు ఖాళీగా వదిలేయండి. మూడోరోజు సూర్యోదయానికి 45 నిమిషాల ముందే లోపల ఉండాలి. వెలుతురు వచ్చాక వెళ్ళాల్సివస్తే తోడుగా ఇంకొకరిని తీసుకెళ్ళి, మీరు దూరాక వాళ్ళు అందరికీ కనపడేలా నడిచి వెళ్ళిపోవాలి. చాలా పిట్టలు ఇద్దరు వచ్చి ఒకరే పోయారని పట్టుకోలేవు. బయటికి రావడానికీ అదే పద్ధతి. లోపలినుంచి ఒక్కసారిగా లేస్తే మర్నాటికి ఆ మాటే వాటికి భయమవుతుంది.

షట్టరు మేతలో ఉన్న పిట్టకు 1/1250, ఎగిరేదానికి 1/2500. ఎపర్చరు ఎఫ్/6.3 నుంచి ఎఫ్/8, ఐ.ఎస్.ఓ. ఆటో. నల్లరెక్కల స్టిల్ట్ పిట్ట తెల్ల ఒళ్ళు ఎండలో తీస్తే ఫొటోలో వివరాలు పోయి తెల్లబారిపోతుంది, ఎక్స్‌పోజరు 0.7 స్టాపు తగ్గించండి. బీప్, ఫోకస్ సహాయ లైటు ఆపేయండి, సైలెంట్ షట్టరు ఉంటే వాడండి. మొదటి పిట్ట రాగానే వరసగా టకటకా కొట్టకండి. ఒక్క ఫొటో తీసి ఆగండి, తల ఎత్తి చూసి మళ్ళీ మేతలో పడితే ఇంకొకటి. లెన్సును అది తల దించినప్పుడే తిప్పాలి.

స్టింట్లు త్వరగా అలవాటు పడతాయి, రెడ్‌షాంక్ తల ఎగరేస్తూ అనుమానపడుతుంది, కర్లూ దగ్గరికొస్తే అదృష్టమే. అన్నిటికంటే తీతువు గురించి జాగ్రత్త. అది అరిస్తే మడంతా లేస్తుంది. అప్పుడు ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటే చాలావరకు తిరిగొస్తాయి. తొమ్మిదిన్నర తర్వాత నేల వేడెక్కి గాలి అలలు కదులుతాయి, దూరపు ఫొటోలు మెత్తబడిపోతాయి. ఫోకస్ తప్పిందని లెన్సును తిట్టి లాభం లేదు.

మార్చి నుంచి తీతువులు, స్టిల్టులు నేల మీదే గుడ్లు పెడతాయి. గూడు దగ్గర మాటు కట్టడం పూర్తిగా మానేయాలి. తల్లి కాసేపు లేచినా ఎండకు గుడ్లు ఉడికిపోతాయి.

ఇంటికొచ్చాక కెమెరా, లెన్సు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, ఉప్పు మరలను తింటుంది. ఖాకీ గుడ్డను మంచినీళ్ళలో రెండుసార్లు జాడించాలి. ఉప్పు మిగిలితే అది గాలిలో తేమను లాగుతూనే ఉంటుంది, ఎన్ని రోజులైనా ఆరదు.