మార్చి 31 దగ్గరపడింది: కిరాణా కొట్టు లాభనష్టాల పట్టీ మీద సంతకం పెట్టేముందు

మిగులు సరుకు ముందు చూడండి. అందాజుగా రాయించొద్దు, గోదాములోకి వెళ్లి లెక్కపెట్టించండి. లక్ష ఎక్కువ రాస్తే లేని లక్ష లాభం తేలుతుంది, దానికి పన్నూ మీరే కట్టాలి. పురుగు పట్టిన కందిపప్పుకు కొన్న ధర వేయకండి, ఇప్పుడు ఎంతకు పోతుందో అంతే.

బ్యాంకు కిస్తీలో వడ్డీ మాత్రమే ఖర్చు. అసలు తీర్చింది ఇందులోకి రాదు.

బిల్లు మీద వసూలు చేసిన జీఎస్టీ మీ అమ్మకం కాదు, కట్టాల్సిన సొమ్ము.

ఇంటికి పంపిన నూనె డబ్బా, పిల్లల ఫీజు సొంత వాడకం. కొట్టు ఖర్చుల్లో కలిపితే లాభం తగ్గి కనిపిస్తుంది. లోను అడిగే రోజున తెలుస్తుంది తంటా.

అరువు అమ్మకాలూ లాభంలో కలుస్తాయి. గల్లా ఖాళీగా ఉందేమిటని ఆడిటర్‌తో గొడవపడకండి, ముందు ఖాతా పుస్తకం తిరగేయండి.